సొరచెట్టా? ఆముదం చెట్టా?

ఇంచుమించు క్రీ.శ. 403లో, నేటి లిబియాలోని ట్రిపోలీ పట్టణంలో, చర్చిలో ఒక్క మాట మీద పెద్ద గొడవ జరిగింది. బైబిల్లో యోనా ప్రవక్త ఎండకు తాళలేకపోతే దేవుడు ఒక మొక్కను మొలిపించి నీడనిస్తాడు. జనం తరతరాలుగా దాన్ని 'సొర' అనే విన్నారు. ఆ రోజు చదివిన కొత్త లాటిన్ అనువాదంలో 'ఐవీ తీగ' అని ఉంది. జనం ఒప్పుకోలేదు. చివరకు బిషప్ పాత మాటకే రావలసి వచ్చింది. ఈ సంగతిని ఆగస్టీన్ ఆ అనువాదకుడికే ఉత్తరంలో రాశాడు.

ఆ అనువాదకుడు జెరోమ్. అప్పటి లాటిన్ ప్రతులు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. 382లో పోప్ డమాసస్ కోరిక మీద రోమ్‌లో సువార్తలను సరిదిద్దే పనికి పూనుకున్నాడు. 386లో బేత్లెహేము చేరాక, పాత నిబంధనను గ్రీకు నుంచి కాక నేరుగా హీబ్రూ నుంచి తర్జుమా చేశాడు. అది పూర్తయ్యేసరికి ఇంచుమించు 405 అయింది. హీబ్రూ నేర్చుకోవడానికి యూదు పండితులను ఆశ్రయించాడు. బరానినా అనే గురువు తనవాళ్లకు తెలుస్తుందన్న భయంతో రాత్రిపూట వచ్చి పాఠం చెప్పేవాడు.

హీబ్రూలో ఆ మొక్క పేరు 'కీకాయోన్'. వెడల్పాటి ఆకులతో, త్వరగా పెరిగి, పందిరి లేకుండా తన కాండం మీద తానే నిలబడుతుందని జెరోమ్ వర్ణించాడు. అది ఆముదమేనని చాలామంది పండితుల అభిప్రాయం. లాటిన్‌లో దానికి పేరు లేదు, హీబ్రూ మాటే ఉంచితే ఎవరికీ అర్థం కాదు, అందుకే 'ఐవీ' అన్నానని ఆయన జవాబు. మనకా ఇబ్బంది లేదు. చంపాపేట మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుని వెళ్తే వచ్చే నల్లగొండ జిల్లా మెట్ట చేలకు ఆముదం పాత పంటే. అయినా మన తెలుగు బైబిల్లోనూ 'సొరచెట్టు' అనే ఉంది!

తెలుగు తర్జుమా వెనుకా ఇలాంటి గురువులున్నారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు బ్రాహ్మణుడైన ఆనందరాయర్ క్రైస్తవం స్వీకరించి అనువాదంలో వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకం గురించి చెప్పేటప్పుడు దొరల పేర్లు ముందు వస్తాయి, ఆనందరాయర్ పేరు చాలామందికి తెలియనే తెలియదు.

ఇంజనీరుగా నాకిది కొత్త కాదు. శిలాఫలకం మీద పెద్దల పేర్లుంటాయి, గోడ నిలబెట్టిన మేస్త్రీ పేరు ఉండదు. అందుకే సంచిక సంపాదకులకు నాదొక మనవి: ఈ యాభై ఏళ్లలో మన బడిలో పాఠం చెప్పిన ప్రతి ఒక్కరి పేరూ, ఒక్క ఏడాది పనిచేసి వెళ్లినవారితో సహా, ఇందులో అచ్చు వేయండి.