పుంగనూరు ఆవు – పాల లెక్క

మదనపల్లె మొదలు పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము వఱకు పఱచుకొన్న మెట్టసీమలో జీవనదులు లేవు. చెఱువును, బావిని, వానను నమ్ముకొని సేద్యము సాగవలసినదే. అట్టి సీమకు సరిపడిన పశువు పుంగనూరు ఆవు. ఎత్తు 70 మొదలు 90 సెంటీమీటర్లు. తూకము ఇంచుమించు 115 మొదలు 200 కిలోలు. వరిగడ్డితో, వేరుసెనగ కట్టెతో కడుపు నింపుకొనును. ఎండకును కరవునకును ఓర్చును. ఇచ్చు పాలు కొలదియే గాని, వానిలో వెన్న నూటికి 8 పాళ్ల వఱకు ఉండును. గిత్తలు తేలిక నేలలను దున్నును. ఇట్టి జాతి అంతరించు దశకు వచ్చినది. ఏల?

పశుపోషణకు ధనము వెచ్చించునపుడు ప్రభుత్వములు దేనిని కొలిచెనో చూచినచో సమాధానము దొరకును. 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ ఒక విషవలయమును వర్ణించినది: మేత చాలక పశువు చిక్కును, చిక్కినది పనికి చాలక రైతు మఱికొన్నిటిని చేర్చును, ఉన్న మేత మఱింత కొఱవడును. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, 48వ అధికరణమున, పశుజాతులను కాపాడవలెననియు మెఱుగుపఱుపవలెననియు చెప్పినది. పథకములు రెండవ మాటనే గట్టిగా పట్టుకొన్నవి. కృత్రిమ గర్భోత్పత్తి కేంద్రములు వెలసినవి. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరములు పల్లెలకు చేరినవి. కొలబద్ద పాల లీటరు.

ఇందు మేలు లేదనరాదు. పైరు ఎండిన యేట పాలడబ్బే పెక్కు కుటుంబములను నిలిపినది. కాని పెద్ద పొదుగు గల ఆవునకు పచ్చిమేత, నీరు, నీడ, వైద్యము తప్పనిసరి. కరవు వచ్చిననాడు ఆ కొఱత రైతునకు అప్పు, పశువునకు ఆకలి.

పశుహింసకు చట్టము లేకపోలేదు. శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగ 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దినమునకు 9 గంటలకు మించి పశువుచేత బండి లాగింపరాదని 1965 నాటి నియమములు శాసించినవి. మేత, నీరు, నీడ ఇయ్యని యజమానిని చట్టము తప్పుపట్టును. కాని మేత మొలవని సీమకు ఎట్టి పశువును పంపవలెనో నిర్ణయించునది చట్టము కాదు, పథకము.

పుంగనూరు జాతి మిగులుటలో పలమనేరు పశుపరిశోధన కేంద్రపు మంద పాలు పెద్దది. 2014లో కేంద్ర ప్రభుత్వము స్వదేశీ జాతులకై రాష్ట్రీయ గోకుల్ మిషన్ ప్రారంభించినది. 2020లో రాష్ట్ర ప్రభుత్వము పుంగనూరు జాతికై సుమారు 69 కోట్ల రూపాయల పథకమును ప్రకటించినది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి నివాసమున ఈ ఆవుల చిత్రములు చూచి దేశమంతయు ముచ్చటపడినది.

ముచ్చటయు ఒక ప్రమాదమే. నిన్న పాలు తక్కువని విడిచిన ఆవును నేడు పొట్టిదని కొని, పట్టణపు ఇంట కట్టివేసినచో కొలబద్ద మాఱినదే గాని పశువునకు సుఖము చేకూరలేదు. పుంగనూరు ఆవునకు కావలసినది మందతోడి మేపు, తన జాతి ఆబోతు, తన్ను పోషించు రైతునకు గిట్టుబాటు. పథకపు లెక్కలో లీటర్ల ప్రక్కన ఈ మూడింటికిని ఒక గడి ఉండవలెను.