పాటల ప్రవాహము – పేటెంటు హక్కులు



సుమారు ఇరువది యేండ్లకు పూర్వము నేను పనిచేయుచుండిన పాఠశాలకు ఒక కంప్యూటరు వచ్చెను. దానిని నడపు ప్రోగ్రాములన్నియు ఉచితముగా లభించినవే. ఒక మిత్రుడు పౌరాణిక నాటకపద్యములు గల డిస్కును తెచ్చి యందుంచెను. యంత్రము బాగుగనే యున్నది, డిస్కును బాగుగనే యున్నది. పద్యము మాత్రము వినబడలేదు. లోపము యంత్రమునందు కాదు, హక్కుపత్రములయందున్నదని తరువాత తెలిసికొంటిని. ఆ చరిత్రమే నేటి ప్రసంగవిషయము.

కంప్యూటరు గానమును అంకెలుగా వ్రాసికొనును. సిడిలోని పాటకు సెకనుకు సుమారు 14 లక్షల అంకెలు కావలెను. నాటి టెలిఫోను తీగలు అంత భారమును మోయజాలవు. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున, ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో, బ్రాండెన్‌బుర్గ్ మొదలగు శాస్త్రజ్ఞులు ఇతర పరిశోధకులతో కూడి ఒక యుపాయము సాధించిరి. డప్పులు మ్రోగుచుండగా ప్రక్కనున్న తంబుర శ్రుతి మన చెవికి సోకదు గదా! చెవికి సోకనిదానిని మోయనేల యని, దానిని విడిచి తక్కినది మాత్రమే వ్రాసిరి. భారము పదునొకండవ వంతునకు దిగినను పాట ఇంచుమించు పాటగానే వినబడెను. 1993లో ఇది ప్రమాణముగా ప్రకటింపబడెను. 1995లో దీనికి ఎం.పి.3 అను పేరు స్థిరపడెను. తీగలమీద పాట ధారగా ప్రవహించుటకు మార్గమేర్పడెను.

క్రొత్త యుపాయము కనిపెట్టినవారికి ప్రభుత్వములు కొంతకాలము ప్రత్యేకహక్కు నిచ్చును. అదియే పేటెంటు. ఏండ్లకొలది శ్రమించినవారు ప్రతిఫలము కోరుట తప్పని నేననను. చిక్కు ప్రతిఫలమున లేదు, దానిని కొలిచిన కొలతయందున్నది. 2002 నాటికి పాట వినిపించు ప్రోగ్రామునకు ప్రతి యొక్కంటికి ముప్పాతిక డాలరు రుసుము. అమ్మువానికిది స్వల్పము, వెలలో చేర్చుకొనును. కాని ఉచితముగా పంచువాని గతి యేమి?

పూర్వము గురువు తాళపత్రగ్రంథము నిచ్చిన శిష్యుడు ప్రతి వ్రాసికొనెడివాడు. వానినుండి మరియొకడు వ్రాసికొనెడివాడు. ప్రతికొక రూక చెల్లింపుమన్నచో గురువు ఎన్ని రూకలు చెల్లింపవలెను? ఎన్ని ప్రతులు వెలసినవో ఆయన కెట్లు తెలియును? మూలము తెరచియుంచిన ప్రోగ్రాముల స్థితియు నిట్టిదే. వానిలో పెక్కింటికి ఆధారమైన 1991 నాటి అనుమతిపత్రమున, పుచ్చుకొన్న ప్రతివాడును రుసుము లేక ఇతరులకు పంచుటకు పేటెంటు అడ్డు వచ్చినయెడల, అసలు పంచనే రాదని నియమము కలదు. కావున దాత రుసుము చెల్లించినను దానము సాగదు.

1998 సెప్టెంబరులో ఫ్రౌన్‌హోఫర్‌వారు ఉచితముగా ఎం.పి.3 తయారుచేయు ప్రోగ్రాములను వ్రాయువారికి లేఖలు పంపి రుసుము కోరిరి. కొందరు పని మానిరి. లేమ్ అను ప్రోగ్రామును నిర్మించినవారు దానిని మూలలిపిగా మాత్రమే పంచి, యంత్రభాషలోనికి మార్చుకొను భారమును పుచ్చుకొన్నవారికి విడిచిరి. అమెరికాలో క్రిస్టఫర్ మాంట్‌గొమరీ యను యువకుడు ఎవరి హక్కులకును తగులని వేరు పద్ధతిని నిర్మింపబూనెను. అదియే వోర్బిస్, 2002 జూలైలో పూర్ణరూపమున వెలువడెను. ఐస్‌కాస్ట్ అను ఉచిత ప్రసారసాధనము దానిని స్వీకరించెను. ఆ యేటనే రెడ్‌హాట్ సంస్థ తన లినక్సునుండి ఎం.పి.3 వినిపించు భాగమును తొలగించెను. అయినను లోకమందలి పాటలలో అధికభాగ మప్పటికే ఎం.పి.3 రూపమున నుండెను. మంచి బాట వేరొకటి వేసినను, జనులు నడచు బాట సుంకపుబాటయే.

2012లో ఓపస్ అను మరియొక పద్ధతి ప్రమాణమయ్యెను. అందు స్కైప్ వంటి వ్యాపారసంస్థలును తమ పేటెంటులను రుసుము లేకయే వాడుకొననిచ్చినవి. హక్కు గలవాడు దాత కాగూడదను నియమ మెచ్చటను లేదనుట కిదియే సాక్ష్యము. తుదకు ఎం.పి.3 పేటెంటుల గడువులు తీరగా, 2017 ఏప్రిల్ 23న ఆ రుసుముల పద్ధతి ముగిసెను.

నా మిత్రుని డిస్కు నేడు ఏ ఉచిత ప్రోగ్రామునందైనను పలుకును. కాని ఆనాడు వినగోరి వచ్చిన పిల్లలు పెద్దవారై యూరు విడిచిపోయిరి. శ్రమకు ఫలము ముట్టవలసినదే. అయితే దానిని నిర్ణయించువారు, అమ్ముకొనువానిని పంచిపెట్టువానిని ఒకే కొలపాత్రతో కొలువకుందురుగాక. సెలవు.