కుక్కపిల్ల స్నానానికి ఏ షాంపూ? సీసా ముందు వైపు కాదు, వెనక వైపు చూడండి

మా ఇంటికి లడ్డూ వచ్చి నాలుగేళ్లయింది. పిల్లలిద్దరూ ఏడాది పాటు బతిమాలి, "స్నానం, షికారు అన్నీ మేమే చూసుకుంటాం" అని చేతిలో చెయ్యేసి ఒట్టేస్తే ఒప్పుకున్నాం. ఇప్పుడు ఆ స్నానం ఎవరు చేయిస్తున్నారో మీకు చెప్పనక్కర్లేదు.

డల్లాస్ దగ్గర మా కాలనీలో సాయంత్రం నడకకు వెళ్తే, చేతిలో కుక్క తాడుతో కనీసం నలుగురు తెలుగువాళ్లు ఎదురవుతారు. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏ షాంపూ వాడుతున్నారండీ?" అనే. ఒక బ్రాండు పేరు చెప్పి తప్పుకోవచ్చు. కానీ మా లడ్డూకి పడింది మీ కుక్కకి పడుతుందని లేదు. పైగా నేను చేసిన పెద్ద తప్పుకి బ్రాండుతో సంబంధమే లేదు. ఆ సంగతి కింద చెబుతాను.

అసలు ఈ సీసాలను ఎవరు పరీక్షిస్తారు?

మనుషుల షాంపూ అమెరికాలో కాస్మెటిక్ కింద లెక్క, ఎఫ్‌డీఏ పరిధిలో ఉంటుంది. చట్టంలో కాస్మెటిక్ అంటే మనిషి శరీరానికి వాడేది అని మాత్రమే ఉంది. కాబట్టి మురికి వదిలించడానికి మాత్రమే అమ్మే కుక్కల షాంపూ ఆ లెక్కలోకి రాదు. మన షాంపూ మీద ఉన్నట్టు పదార్థాలన్నీ అచ్చు వేయాలన్న నిబంధన కూడా దానికి వర్తించదు. "చర్మరోగం తగ్గిస్తుంది" అని రాస్తే అది మందు, అప్పుడు ఎఫ్‌డీఏ వస్తుంది. "ఫ్లీస్, టిక్స్‌ని చంపుతుంది" అని రాస్తే (టిక్స్ అంటే మన పిడుదులే) అది పురుగుమందు, ఈపీఏ చూసుకుంటుంది. అలాంటి సీసా మీద ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అయితే లవంగ నూనె, పుదీనా నూనె, దేవదారు నూనె లాంటివాటితో చేసిన కొన్ని "నాచురల్" ఫ్లీ షాంపూలకు ఆ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. నాచురల్ కదా అని ఎక్కువ నమ్మేది వాటినే. నిజానికి తక్కువ తనిఖీ జరిగేదీ వాటికే.

దీని అర్థం మామూలు షాంపూలన్నీ చెడ్డవని కాదు. ముందు వైపు ఉండే "జెంటిల్", "హైపోఅలర్జెనిక్", "వెట్ రికమెండెడ్" అన్న మాటల వెనక మనం అనుకునేంత హామీ లేదని మాత్రమే. అందుకే నేను పదార్థాలన్నీ అచ్చు వేయని సీసాను కొనను. అడక్కుండానే అన్నీ రాసిన కంపెనీకి నా దగ్గర ఒక మార్కు ఎక్కువ.

పీహెచ్ గొడవ

కుక్క చర్మం మన చర్మంలాంటిది కాదు. పై పొర మనకు పదీ పదిహేను కణాల మందం ఉంటే, దానికి మూడు నుంచి ఐదు కణాలే. మన చర్మం పీహెచ్ సుమారు 5.5, అంటే కాస్త ఆమ్లం వైపు. కుక్కది 7కి దగ్గరగా ఉంటుంది, జాతిని బట్టీ శరీర భాగాన్ని బట్టీ మారుతుంది. సబ్బు బిళ్ల పీహెచ్ 9 నుంచి 10, అది ఇద్దరికీ ఎక్కువే.

కానీ బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన దాన్నిగా నా అభిప్రాయం చెప్పాలంటే, దుకాణాల్లో ఈ పీహెచ్ మాటకు కొంచెం ఎక్కువ ప్రచారమే ఉంది. ఏ రోజైనా కుక్క బురదలో దొర్లి వచ్చి, ఇంట్లో పిల్లల బేబీ షాంపూ తప్ప ఇంకేమీ లేకపోతే, ఒకసారి దానితో కడిగినంత మాత్రాన ఏమీ కాదు. ప్రతి స్నానానికీ అదే వాడితేనే చర్మం పొడిబారి, పొట్టు రాలి, గోకుడు మొదలవుతుంది. పీహెచ్ కన్నా ముందు చూడాల్సింది నురగ తెప్పించే పదార్థం ఏమిటన్నది. సోడియం లారిల్ సల్ఫేట్ జాబితాలో మొదట్లోనే ఉంటే నూనెను బాగా లాగేస్తుంది. డెసిల్ గ్లూకోసైడ్, కోకమిడోప్రొపైల్ బీటైన్ లాంటివి మెత్తనివి. కళ్లు మండని పిల్లల షాంపూల్లోనూ ఇలాంటివే వాడతారు. నురగ తక్కువ వస్తుంది, దానికి కంగారు పడకండి. నురగకీ శుభ్రానికీ మనం అనుకునేంత సంబంధం లేదు.

"ఫ్రాగ్రెన్స్" అన్న ఒక్క మాట వెనక ఎన్నో రసాయనాలు దాక్కోవచ్చు. ముక్కుతో బతికే జంతువుకు మల్లెపూల వాసన పూసి మనం మురిసిపోవడం ఎందుకో నాకు అర్థం కాదు. సువాసన లేనిదే కొనండి. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిల్వ పదార్థం మనుషుల్లో చర్మ అలర్జీ తెప్పిస్తుందని తేలి, కడగకుండా వదిలేసే క్రీముల్లో దాన్ని ఐరోపా యూనియన్ 2017 నుంచి నిషేధించింది. కుక్కను రుద్దేది మన పిల్లల చేతులే కాబట్టి ఆ పేరు కూడా చూసుకుంటాను.

అమ్మమ్మ కాలం చిట్కాలు

ఇక మన ఇళ్ల సంగతి. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులో కుంకుడుకాయలు తెచ్చింది. "మనకి పనికొచ్చింది దానికి పనికిరాదా?" అని అడిగింది. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో ఆదివారం తలంట్లు పోయించుకున్న మనందరికీ తెలుసు. మనం కళ్లు గట్టిగా మూసుకుంటాం. కుక్కకు ఆ మాట ఎవరు చెబుతారు? పైగా అది ఒళ్లంతా నాకుతుంది. కుంకుడులోని సాపోనిన్లు కడుపులోకి వెళితే వాంతులవుతాయి. అమ్మకు ఇలా విడమరిచి చెబితే, "సరేలే, నీకే పోస్తాను రా" అంది.

కుంకుడుకాయ కన్నా నాకు భయం కర్పూరం అంటే. దురదకీ పేలకీ కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి రాయడం మనకు అలవాటు. కుక్కకు మాత్రం వద్దు. చర్మం ద్వారా ఒంట్లోకి ఇంకుతుంది, నాకితే నేరుగా కడుపులోకి వెళుతుంది. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. స్నానం నీళ్లలో ఒక మూత డెట్టాల్ పోయడం కూడా మన దగ్గర మామూలే, అది కూడా మానేయండి.

ఈ దేశపు చిట్కాలూ తక్కువేమీ కాదు. టీ ట్రీ ఆయిల్ మంచిదని చాలామంది చెబుతారు. 2002 నుంచి 2012 మధ్య అచ్చమైన టీ ట్రీ నూనె తగిలి కుక్కలకూ పిల్లులకూ విషమెక్కిన 443 కేసుల మీద 2014లో అమెరికా పశువైద్యుల సంఘం పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. చొంగ కారడం, నిస్సత్తువ, నడక తూలడం, వణుకు వాటిలో కనిపించాయి. షాంపూలో కలిసే చుక్క చాలా పల్చన కావచ్చు. కానీ చిన్న సీసా కొని ఇంట్లో మనమే కలుపుకోవడం వేరు, ఆ పని చేయవద్దు.

నేను చేసిన తప్పు

లడ్డూకి ఏడాది దాటిన వేసవి. షాంపూ సీసా అడుగుకి వచ్చింది. మనందరం చేసే పనే నేనూ చేశాను. కొంచెం నీళ్లు పోసి, ఊపి, గ్యారేజీ అల్మరాలో పెట్టాను. మూడు వారాల తర్వాత అదే నీళ్ల షాంపూతో బాగా రుద్ది స్నానం చేయించాను. మర్నాటి సాయంత్రానికి వీపు మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆ రాత్రి మూలుగుతూనే ఉంది. రెండో రోజుకి జ్వరం, వీపంతా చిన్న చిన్న గడ్డలు, వాటిలోంచి రక్తంతో కలిసిన చీము. నాకు కాళ్లు ఆడలేదు.

వెట్ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య స్నానం ఎప్పుడు చేయించారు?" రెండో ప్రశ్న, "ఆ సీసాలో నీళ్లు కలిపారా?" దీన్ని పోస్ట్ గ్రూమింగ్ ఫురంకులోసిస్ అంటారట. స్నానం చేయించిన ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, ఎక్కువగా వీపు మీదే. సాధారణంగా కారణం సూడోమొనాస్ అనే బాక్టీరియా. తడి ఉన్నచోట హాయిగా బతుకుతుంది. షాంపూలో వేసే నిల్వ పదార్థం ఆ చిక్కదనానికి లెక్కగట్టి వేసింది. మనం నీళ్లు పోసిన క్షణం ఆ లెక్క తప్పుతుంది. వెంట్రుకలకు ఎదురుగా రుద్దినప్పుడు ఆ బాక్టీరియా వెంట్రుకల కుదుళ్లలోకి దిగుతుంది. కల్చర్ టెస్టు, దానికి తగ్గ యాంటీబయాటిక్, వారాల తరబడి మందులు. ఖర్చు సంగతి అడగకండి. దానికన్నా, నేను దగ్గరికి వెళ్తే లడ్డూ వెనక్కి జరగడం ఎక్కువ బాధ పెట్టింది.

ఇప్పుడు పల్చన చేయాలంటే ఆ పూటకు సరిపడా గిన్నెలో కలిపి, మిగిలింది పారబోస్తాను. సీసా తెరిచిన తేదీ మార్కర్‌తో మూత మీద రాస్తాను. అడుగున మిగిలిన రెండు చెంచాల కోసం పీనాసితనం చేయను. ఎప్పుడూ వెంట్రుకలు పడుకున్న దిశలోనే రుద్దుతాను.

చిన్న పిల్లలకు

ఎనిమిది వారాల లోపు పిల్లకు షాంపూ స్నానం వద్దు. ఒంటి వేడిని అది ఇంకా సరిగా నిలుపుకోలేదు. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇంటికి తెచ్చాక కూడా మొదటి స్నానానికి తొందరేమీ లేదు. ఫ్లీ షాంపూ అయితే సీసా మీద రాసిన వయసు తప్పకుండా చూడాలి. చాలావాటి మీద పన్నెండు వారాలు దాటాకే అని ఉంటుంది. మరీ చిన్నదానికి ఫ్లీస్ పడితే సన్న పళ్ల దువ్వెన, వెట్ సలహా, అంతే. ఫ్లీ షాంపూ ఆ రోజున్న పురుగులనే చంపుతుంది, కార్పెట్‌లోని గుడ్లను కాదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త. కుక్కల మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీయగలదు.

క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ లాంటివి ఉన్న మందు షాంపూలు ఆన్‌లైన్‌లో చీటీ లేకుండానే దొరుకుతాయి. దురద బాక్టీరియా వల్లో, ఈస్ట్ వల్లో, తిండి అలర్జీ వల్లో మనకు తెలియదు, వెట్ చెప్పాకే కొనండి. వాడితే సుమారు పది నిమిషాలు ఒంటి మీద ఉంచాకే కడగాలి. వెంటనే కడిగేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. క్లోర్‌హెక్సిడిన్ కంట్లో పడనివ్వకూడదు. వట్టి పొడి దురదకు ఓట్‌మీల్ షాంపూ చాలా కుక్కలకు ఉపశమనం ఇస్తుంది.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. స్కంక్ చల్లితే ఏ షాంపూ పనిచేయదు. పాల్ క్రేబామ్ అనే రసాయన శాస్త్రవేత్త 1993లో బయటపెట్టిన మిశ్రమం ఉంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక క్వార్ట్, బేకింగ్ సోడా పావు కప్పు, అంట్లు తోమే లిక్విడ్ ఒకటి రెండు టీస్పూన్లు. కళ్లకు తగలకుండా రాసి, ఐదు నిమిషాలుంచి కడిగేయాలి. అప్పటికప్పుడు కలపాలి, సీసాలో మూత పెడితే పేలుతుంది.

మామూలు కుక్కకు నెలకో స్నానం చాలు. మెడ మీద వేసే ఫ్లీ మందు వాడుతుంటే, దానికి ముందు ఎన్ని రోజులు, తర్వాత ఎన్ని రోజులు స్నానం వద్దో ఆ పెట్టె మీద చూడండి. చాలావాటికి రెండు రోజులు.

స్నానం అయ్యాక ఎప్పుడైనా వణుకు, తూలడం, ఆగని చొంగ, వాంతులు కనిపిస్తే ఉత్త నీళ్లతో బాగా కడిగి, సీసా చేతిలో పట్టుకుని ఫోన్ చేయండి. అమెరికాలో ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్ 888-426-4435, యూకేలో యానిమల్ పాయిజన్ లైన్ 01202 509000. రెండూ రోజంతా పనిచేస్తాయి, ఫీజు ఉండొచ్చు. మా ఇంట్లో ఆ నంబరు ఫ్రిజ్ మీద, పిల్లల స్కూల్ నంబరు పక్కనే అంటించి ఉంది.