ఎయిర్‌డేల్ టెర్రియర్: స్వభావం, పోషణ

ఎయిర్‌డేల్ టెర్రియర్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, ఎయిర్ నదీలోయలో రూపుదిద్దుకున్న జాతి. బ్రిటిష్ టెర్రియర్లలో ఇదే ఎత్తైనది: మగది భుజం దగ్గర 58–61 సెం.మీ., ఆడది 56–59 సెం.మీ. ఉంటుంది. దీని పుట్టుక 1853 నాటి ఒక సంకరంతో మొదలైందని కొందరు రాశారు గానీ, మిల్లు కార్మికులు తమ అవసరం కొద్దీ ఏళ్ల తరబడి పెంచుకొచ్చిన కుక్కకు ఒక్క సంవత్సరాన్ని అంటగట్టడం కష్టం. ముతక బొచ్చున్న నలుపు-గోధుమ టెర్రియర్‌ను ఆటర్‌హౌండ్ అనే వేటకుక్కతో కలిపారన్నది మాత్రం దాదాపు అందరూ ఒప్పుకునే మాట. తొలుత వాటర్‌సైడ్ టెర్రియర్, బింగ్లీ టెర్రియర్ అన్న పేర్లు వాడుకలో ఉండేవి. ఇప్పటి పేరు 1886లో, కుక్కల జాతులను నమోదు చేసే బ్రిటిష్ సంస్థ కెన్నెల్ క్లబ్ గుర్తింపుతో స్థిరపడింది.

ఈ జాతి మీద తరచూ వినిపించే ఆరోపణ మొండితనం. పిలిస్తే ఒకసారి వస్తుంది, మరోసారి పెడచెవిన పెడుతుంది అంటారు. చేసిన పనిని బట్టి చూస్తే దీన్ని సొంత బుద్ధి అనడమే సబబు. ఒడ్డున ఎలుకల బొరియలు పసిగట్టేటప్పుడు, ఆటర్ల (నీటికుక్కల) వెంట ఏట్లోకి దూకేటప్పుడు, ప్రతి అడుగుకూ యజమాని మొహం చూసే కుక్క వేటకు పనికిరాదు. అలాంటప్పుడు పోలీసులు, సైన్యం దీన్నెలా వాడుకున్నారని అడగవచ్చు. 1908లో ఇంగ్లండ్‌లోని హల్ రేవుల్లో రైల్వే పోలీసులు కాపలాకు ఎంచుకున్నవి ఎయిర్‌డేల్‌లే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికాధికారి ఎడ్విన్ రిచర్డ్‌సన్ తర్ఫీదిచ్చిన వార్తాహర కుక్కల్లోనూ ఇవి ఉన్నాయి. ఈ రెండో ఉదాహరణ నిజానికి పై వాదాన్నే బలపరుస్తుంది: ముందు వరసలో వదిలిన కుక్క, ఫిరంగుల మోత మధ్య తన దారి తానే వెతుక్కుని వెనకనున్న శిక్షకుణ్ణి చేరాలి, పక్కన ఆజ్ఞ ఇచ్చేవాడు ఉండడు. జాక్ అనే ఎయిర్‌డేల్ ఒళ్లంతా గాయాలతో సందేశం చేర్చి ప్రాణం విడిచిందన్న కథ ప్రసిద్ధమే అయినా, దాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం సాహసం. హల్ రేవు కాపలా అంత రక్తి కట్టదు గానీ, నమ్మదగినది.

పోషణ కూడా ఈ స్వభావాన్ని అనుసరించే సాగాలి. ఒకే పాఠాన్ని పదేపదే చేయిస్తే విసుగెత్తి సహకరించదు. కొడితే మరింత బిగుస్తుంది. చిన్న పాఠాలు, వెంటనే బహుమానం, రోజూ సుదీర్ఘమైన నడక, వాసన పట్టే ఆటలు దీనికి సరిపడతాయి. పని దొరక్కపోతే తోట తవ్వుతుంది, చెప్పులు కొరుకుతుంది. పిల్లలతో మంచిదే అయినా ఆటలో మోటు ఎక్కువ. కుందేళ్లు, పిల్లుల దగ్గర కన్నేసి ఉంచడం మేలు. బొచ్చు రాలడం తక్కువ కాబట్టి శ్రమ లేదనుకోవడం పొరపాటు. పైపొర తీగలా గరుకుగా, లోపొర మెత్తగా ఉంటుంది. చచ్చిన వెంట్రుకలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, పెరిగిన దిశలోనే కొద్దికొద్దిగా లాగేయాలి. మెషీన్‌తో కత్తిరిస్తే పని తొందరగా అవుతుంది, కానీ కాలక్రమంలో బొచ్చు మెత్తబడి, రంగు వెలిసిపోతుంది. ప్రదర్శనకు వెళ్లని కుక్కకు అది పెద్ద నష్టమేమీ కాదు. నీళ్లు తాగాక తడిసే గడ్డాన్ని మాత్రం రోజూ తుడిచి దువ్వాలి. తుంటి కీలు లోపం ఈ జాతిలో కనిపించేదే కనుక, పిల్లను కొనేముందు తల్లిదండ్రుల ఎక్స్‌రే ఫలితాలు అడగాలి. రోజంతా తాళం వేసిన ఇంట్లో కుక్కను ఒంటరిగా వదలక తప్పనివారు ఈ జాతి జోలికి పోకపోవడమే మంచిది.