చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము



పసిబిడ్డకు విరేచనములు పట్టినపుడు మన పల్లెలలో పెద్దలు మొదట పలుకు మాట "నీళ్లు పోయకుడమ్మా" యనునదియే. నా బాల్యమున మా యింటను ఈ మాట వింటిని. నీరు మాన్పినచో కడుపు కట్టునని వారి తలంపు. ప్రేమచేతనే చెప్పిరి, కాని దానివలన ఎన్ని యుయ్యాలలు శూన్యమయ్యెనో! విరేచనములలో బిడ్డను తరచుగా చంపునది, శరీరమునుండి నీరును ఉప్పును వెడలిపోవుటయే. ఈ సంగతి ఇంటింటికి చేరిన చరిత్రను నేడు మనవి చేసెదను.

వట్టి యుప్పునీటిని రోగి ప్రేగులు చక్కగా పీల్చుకొనజాలవు. అందు చక్కెర చేరినచో, చక్కెర యుప్పును, ఆ రెండును నీటిని వెంటగొని రక్తములోనికి పోవును. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను వైద్యులు కలరా రోగులకు ఇట్టి నీటిని త్రాగించి, దాని గుణమును రుజువు చేసిరి.

1971లో యుద్ధభయమున తూర్పు బెంగాలునుండి కోటిమందివరకు మన దేశమునకు శరణార్థులై వచ్చిరి. పశ్చిమ బెంగాలునందలి బనగాఁవ్ శిబిరమున కలరా చెలరేగెను. నరములోనికి ఎక్కించు మందునీరు చాలదాయెను. డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల తల్లులచేతను బంధువులచేతను త్రాగింపించెను. అంతకుముందు నూటికి 30 మందివరకు చనిపోవుచుండిన చోట, మరణములు నూటికి 4కు లోపునకు దిగెను. వైద్యుని పని తల్లి చేయగలదని ఆనాడు తేలెను.

పిమ్మట బంగ్లాదేశమున ఫజ్లే హసన్ ఆబెద్ స్థాపించిన బ్రాక్ సంస్థ, 1980 మొదలు 1990 వరకు, కోటి ఇరువది లక్షల యిండ్లకు తన కార్యకర్త్రులను పంపెను. మూడువ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అర సేరు నీరు: ఇదియే పాఠము. కొంతకాలము గడచిన పిదప పరీక్షకులు వచ్చి, తల్లులకు పాఠ మెంత జ్ఞాపకమున్నదో చూచి, దానిని బట్టి జీత మిచ్చెడివారు. అయినను మొదట తల్లులు నేర్చిరే కాని వాడినవారు కొద్దిమంది. కారణ మేమి? నేర్పువారికే దానియందు నమ్మకము లేదు. ఇంటి పురుషులకు ఎవరును చెప్పలేదు. అంతట సంతలలోను మసీదులలోను పురుషులకును బోధించిరి. అప్పుడు వాడుక పెరిగెను.

రోగము రాకుండుటకు వేరొక మార్గము కలదు. మలము తాకిన చేతులే దానిని బిడ్డ నోటికి చేర్చును. బిడ్డ మలమును దొడ్డిలో పారవేయక మరుగుదొడ్డిలో వేయుట, అటుపిమ్మటను అన్నము పెట్టుటకు ముందును సబ్బుతో చేతులు కడుగుట, త్రాగునీటిని మూతపెట్టి యుంచుట ఆవశ్యకములు. కాని నూతికి దూరముగ నుండి, రెండు బిందెలతో దినము గడపు తల్లిని "శుభ్రత లేదు" అని నిందించుట న్యాయము కాదు. నీరు, మరుగుదొడ్డి సమకూర్చుట ఊరి బాధ్యత.

నేడు ఓఆర్ఎస్ పొట్లము ప్రభుత్వాసుపత్రులలో లభించును. పొట్లముపై చెప్పినంత శుద్ధజలమున కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. చనుబాలును ఆహారమును మాన్పరాదు. కన్నులు గుంటపడినను, రక్తము పడినను, బిడ్డ త్రాగజాలకున్నను తక్షణము వైద్యునియొద్దకు గొనిపోవలెను.

గ్రామవృద్ధులారా! కోడండ్రు మీ మాటను కాదనరు. ఇకమీదట "నీళ్లు పోయకుడు" అను ఆ మాటను మాని, "ముందు త్రాగింపుడమ్మా" యని పలుకుడు. సెలవు.