చిప్పు రాని ఊరు

మరమనిషి మన మీద కత్తి కడితే? జేమ్స్ కామెరాన్ 1984లో ‘టెర్మినేటర్’ తీసి హడలగొట్టాడు. 1991లో వచ్చిన రెండో భాగంలో అసలు గుట్టు చెప్పాడు: ఆపదంతా పాత మరమనిషి వదిలేసిన ఓ చిప్పులో ఉందట! దాన్ని చూసి చేసిన కంప్యూటరు 1997 ఆగస్టు 29న మనుషుల మీద అణుయుద్ధం తెస్తుందని కథ. అందుకే ఆఖర్న ఆ చిప్పునీ, తమను కాపాడిన మరమనిషినీ కూడా మరిగే ఉక్కులో కరిగించేస్తారు.

ఆ తేదీ నిక్షేపంగా గడిచిపోయింది. 2006లో మన తుక్కుగూడ పక్కనే, రావిర్యాలలో, అదే చిప్పుకు మేళతాళాలతో ఎదురేగారు. పేరు ‘ఫ్యాబ్ సిటీ’. ఫ్యాబంటే చిప్పుల కార్ఖానా. దుమ్ము కణం పడితే చిప్పు చెడుతుంది. స్వచ్ఛమైన నీరు, ఆగని కరెంటు, వేలకోట్లు కావాలి. సెమ్‌ఇండియా కంపెనీ కడతామంది, కట్టలేదు. తర్వాత సోలారు పలకలవాళ్లూ, టీవీలవాళ్లూ వచ్చారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

సినిమాలో జనం చిప్పును కరిగించి బతికారు. ఇక్కడ దాని కోసం ఎదురుచూసిన కుర్రాళ్ల చేతికి చిప్పే మిగిలింది, చిప్పు కాదు, కొబ్బరి చిప్ప. మీదికొచ్చే యంత్రంతో యుద్ధం చెయ్యొచ్చు. రానే రాని యంత్రంతో ఎలా పోట్లాడటం, చెప్పండి?