ఎవలికి జెప్పుకుంటం బిడ్డా?

మా నాయనమ్మది మోత్కూర్. దొరల కాలం గురించి ఎప్పుడు అడిగినా వెట్టి గురించి రెండు ముక్కలు చెప్పి, చివరికి ఒకే మాట దగ్గర ఆగేది: "పోలీసు పటేలు దొర మనిషేనాయె. ఎవలికి జెప్పుకుంటం బిడ్డా?"

చట్టం లేక కాదు. అప్పుకు బదులు మనిషిని చాకిరీకి కట్టేసే భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లోనే శాసనం చేసింది. కానీ ఊళ్ళో సర్కారంటే పటేలు, పట్వారీ. శాసనం హైదరాబాదులో ఉంది, భయం ఊళ్ళో ఉంది.

ఈ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది బర్కిలీ కేసు చదువుతుంటే. 1999 నవంబర్ 24న కాలిఫోర్నియాలోని ఆ ఊళ్ళో, ఒక అపార్ట్‌మెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి 17 ఏళ్ళ తెలుగు అమ్మాయి చనిపోయింది. ఇల్లు లకిరెడ్డి బాలిరెడ్డిది. కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వెళ్ళి, బర్కిలీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్ళు సంపాదించిన మనిషి. పేద దళిత కుటుంబాల ఆడపిల్లల్ని దొంగ కాగితాలతో తెప్పించుకుని, పని చేయించుకుని, లైంగికంగా వాడుకున్నాడని తర్వాత బయటపడింది. 2001లో నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం. ఆ దొంగ కాగితాల్లో హెచ్-1బి కూడా ఉంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు గర్వంగా చెప్పుకునే వీసా అదే.

ఇక్కడ ఒక విషయం కుదురుగా కూర్చోనివ్వదు. బర్కిలీ 1971లోనే శరణ నగరంగా తీర్మానం చేసుకున్న ఊరు. అయినా ఆ పిల్లలు పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, పోలీసులకు తెలుగు రాదు. కాగితాలు, ఇల్లు, తిండి, చివరికి మాట కూడా యజమాని చేతిలోనే. నగర తీర్మానం వాళ్ళ గది దాకా చేరలేదు.

ఆ కేసు నడుస్తుండగానే, 2000 అక్టోబర్ 28న అమెరికాలో మనుషుల అక్రమ రవాణా బాధితుల చట్టం వచ్చింది. దానితో రెండు కొత్త వీసాలు పుట్టాయి. రవాణా బాధితులకు టి-వీసా, ఏటా 5,000 వరకు. గృహహింస లాంటి నేరాల బాధితులకు యు-వీసా, ఏటా 10,000 వరకు. యు-వీసాకి ఒక మెలిక ఉంది: దర్యాప్తుకు సహకరించారని పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం చేయాలి. అంటే భయపడే మనిషి ముందు స్టేషన్ మెట్లెక్కాలి.

ఆ మెట్ల మీద ఎవరున్నారన్నదే అసలు గొడవ. 1996 చట్టంలోని 287(జి) సెక్షన్ స్థానిక పోలీసులకు ఇమిగ్రేషన్ అధికారాలు ఇచ్చే వీలు కల్పించింది. 2017లో టెక్సస్ ఎస్‌బి 4 తెచ్చి స్థానిక పోలీసులు సహకరించాల్సిందే అంది. అదే ఏడాది కాలిఫోర్నియా ఎస్‌బి 54 తెచ్చి ఆ సహకారానికి హద్దులు గీసింది. టెక్సస్ చట్టం కూడా బాధితుల్ని, సాక్షుల్ని వాళ్ళ వీసా స్థితి ఊరికే అడగొద్దనే అంటుంది. కాకపోతే ఆ మినహాయింపు ఎంతమంది చెవిన పడుతుంది?

రెండో వైపు వాళ్ళూ బాధితుల పేరే ఎత్తుతారు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కేట్ స్టైన్లీ మరణం, 2025 జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం. ఆ కుటుంబాల దుఃఖం అబద్ధం కాదు. అయితే చనిపోయినవాళ్ళ పేరుతో చేసే చట్టం బతికున్న బాధితుల నోరు నొక్కకూడదు. రెండూ ఒకేసారి చూడగలగడమే కష్టం.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు, ఆయన భార్య సునయన దుమాల అమెరికాలో ఉండే హక్కు కూడా ప్రమాదంలో పడింది. భర్త వీసా మీద ఆధారపడిన బతుకు అది. అందరికీ తెలిసిన కేసు కాబట్టి ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకున్నాడు. ఎవరికీ తెలియని ఇళ్ళ సంగతేంటి?

పోయినేడు డాలస్ దగ్గర ఉండే నా స్నేహితురాలు రాత్రిపూట వాట్సాప్‌లో అడిగింది: "911కి ఫోన్ చేస్తే మా వీసా పోతుందా?" యు-వీసా గురించి నాకు తెలిసింది చెప్పాను, లాయర్‌ని కలవమన్నాను. కాసేపటికి తను ఆ మెసేజ్ డిలీట్ చేసేసింది. ఫోన్ అతను చూస్తాడేమో.

మోత్కూర్‌లో నాయనమ్మ అడిగింది కూడా ఇదే.